ఆంగ్ల వ్యాకరణకర్త లిండ్లీ మర్రే

నిన్న ఒకనిని చూచితినని చెప్పదలచి, "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్ డే" అని వ్రాసి, ఉపాధ్యాయుని యెఱ్ఱసిరా గీతను పొందని విద్యార్థి మన పాఠశాలలో అరుదు. "ఐ సా హిమ్ యెస్టర్ డే" అని వ్రాయవలెనని గురువు దిద్దును. రెండు వాక్యములును గడచిన సంగతినే చెప్పుచున్నవి కదా, ఒకటి తప్పెట్లగును, మఱియొకటి ఒప్పెట్లగును అని బాలుడు విస్తుపోవును. ప్రెజెంటు పర్ఫెక్టునకును పాస్టు టెన్సునకును గల యీ భేదమును సామాన్య విద్యార్థులకు బోధపడునట్లు సూత్రములుగా నేర్పరచి, రెండు ఖండములలోని పాఠశాలలకు అందించిన వారిలో లిండ్లీ మర్రే ముఖ్యుడు. వృత్తిచే ఆయన ఉపాధ్యాయుడు కాడు. మొదట న్యాయవాది, పిమ్మట వర్తకుడు, తుదకు మంచము కుర్చీయే గతియైన రోగి. అట్టివాడు వ్యాకరణకర్త యెట్లయ్యెనో తెలిసికొనుట మన విద్యార్థులకు ఉపయుక్తము.

మర్రే 1745వ సంవత్సరమున ఉత్తర అమెరికాలో, అప్పటికి ఆంగ్లేయుల వలసరాజ్యముగా నున్న పెన్సిల్వేనియాలో, స్వటారా యను నదీప్రాంతమున జన్మించెను. తండ్రి రాబర్టు మర్రే పిండిమర నడుపుకొనుచు జీవనము నారంభించి, కాలక్రమమున న్యూయార్కు నగరమునకు వచ్చి, గొప్ప ఓడవర్తకుడై ధనవంతుడయ్యెను. ఆ కుటుంబము నివసించిన తోటయు భవనమును ఉన్న మెట్టకు నేటికిని మర్రే హిల్ అనియే పేరు. వారు క్వేకరులను క్రైస్తవశాఖకు చెందినవారు. క్వేకరులకు పురోహితులు లేరు, ఆరాధనమున మౌనముగా కూర్చుందురు, ప్రమాణములు చేయరు, యుద్ధములలో పాల్గొనరు, దుస్తులయందును మాటలయందును ఆడంబరము కూడదందురు. మితభాషిత్వమే ధర్మముగా నెంచు కుటుంబమునుండి మాటల పొందికను గూర్చి గ్రంథము వ్రాయువాడు పుట్టుట ఆశ్చర్యమనిపింపవచ్చును గాని, తక్కువగా మాటలాడువారే ప్రతిమాటను తూచి చూతురు.

తండ్రి మిక్కిలి కఠినుడు. ఒకనాడు ఆయన ఊరలేని సమయమున, పినతండ్రి పిలువగా బాలుడు సెలవు పొందకయే విందునకు పోయెను. తండ్రి తిరిగివచ్చి దండించెను. తాను చేసిన పనికి ఆ దండనము మించినదని తలచి లిండ్లీ అభిమానపడి, తన చేతనున్న కొలదిసొమ్ముతో ఇల్లు విడిచి, న్యూజెర్సీలోని బర్లింగ్టను అను ఊరు చేరి, అచ్చటి వసతిపాఠశాలలో తనంతటతానే ప్రవేశించెను. ఇల్లు విడిచిపోవు బాలురు సాధారణముగా ఓడలోనికో సైన్యములోనికో పోదురు. ఇతడు బడికి పోయి ఫ్రెంచి భాష నేర్చుకొన మొదలిడెను! కొంతకాలమునకు బంధువులు జాడ తెలిసికొని, బుజ్జగించి ఇంటికి తోడ్కొనివచ్చిరి. తండ్రి కోపము చల్లారి, కుమారునకు ప్రత్యేకముగ ఉపాధ్యాయుని నియమించెను. ఇల్లు విడుచుటను మన పిల్లలు అనుకరింపకుందురుగాక. ఆ ఫ్రెంచి పాఠములను మాత్రము అనుకరింపవచ్చును.

వర్తకము చేయుమని తండ్రి కోరెను. న్యాయశాస్త్రము చదువుదునని కుమారుడు పట్టుపట్టెను. తుదకు తండ్రియే లోబడి, బెంజమిన్ కిస్సాము అను న్యాయవాదికడ ఆయనను శిష్యునిగా చేర్చెను. ఆ కార్యాలయముననే ఆయనకు సహాధ్యాయిగా నున్నవాడు జాన్ జే. ఈతడు తర్వాత అమెరికా సంయుక్తరాష్ట్రముల ఉన్నత న్యాయస్థానమునకు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. మర్రే న్యాయవాదియై, వ్యాజ్యములను పెంచుటకంటె ఉభయపక్షముల వారిని రాజీపరచుటయందే ఎక్కువ శ్రద్ధ చూపెనందురు. 1767లో హన్నా డాబ్సన్ అను కన్యను వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. ఏబదియెనిమిది సంవత్సరములు ఆ దంపతులు కలిసి జీవించిరి.

అమెరికా స్వాతంత్ర్యయుద్ధము వచ్చినపుడు న్యూయార్కులో న్యాయస్థానములకు పని లేకపోయెను. యుద్ధమునుండి దూరముగా నుండగోరి మర్రే భార్యతో లాంగ్ ఐలండు నందలి ఇస్లిప్ అను పల్లెకు పోయి, నాలుగేండ్లు చేపలు పట్టుచు, పడవ నడుపుచు కాలము గడపెను. ఆ కాలమును వ్యర్థపుచ్చితినని ఆయన వార్ధక్యమున చింతించెను. తర్వాత నగరమునకు తిరిగివచ్చి వర్తకము చేసి, 1783లో యుద్ధము ముగియునాటికి జీవితమునకు చాలినంత ధనము సంపాదించెను. న్యూయార్కు నగరమునకు కొన్నిమైళ్ల దూరమున, నదీతీరమున బెల్వ్యూ యను అందమైన యెస్టేటును కొని, అచ్చట సుఖముగా నుండవలెనని తలపోసెను.

అంతలోనే శరీరము చెడెను. మొదట జ్వరము వచ్చి తగ్గెను గాని, కాళ్లయందలి బలము పోయెను. కొంతదూరము నడిచినంతనే కండరములు పట్టువదలి, నిలువ లేకుండెను. వైద్యులు చల్లని దేశమునకు పొమ్మని, ముఖ్యముగ ఇంగ్లండులోని యార్కు మండలము మేలని సలహా యిచ్చిరి. 1784 సంవత్సరాంతమున దంపతులు ఓడయెక్కిరి. రెండుమూడేండ్లలో మరలివత్తుమని వారి యాశ. మరల స్వదేశము చూచుట తటస్థింపలేదు. మర్రే కుటుంబము యుద్ధకాలమున ఆంగ్లేయుల పక్షము వహించినదన్న అపవాదు న్యూయార్కులో నుండుటవలననే ఆయన దేశము విడిచెనని నేటి చరిత్రకారులలో కొందరందురు. అదియు కొంత కారణమై యుండవచ్చును. అయినను కాళ్ల దౌర్బల్యము కల్పితము కాదు. తర్వాతి నలువది సంవత్సరములే దానికి సాక్ష్యము.

1785లో యార్కు నగరమునకు ఆనుకొనియున్న హోల్గేట్ అను గ్రామమున ఒక యిల్లు కొని, మర్రే స్థిరపడెను. ఆ యింటి తోట ఆయనకు ప్రాణము. తొలిదినములలో తోటలో కొంచెము నడచుచుండెను. నడచినకొలది బలము క్షీణించుచున్నదని గ్రహించి నడక మానెను. తర్వాత బండిలో తిరుగుచుండెను. తుది పదునారు సంవత్సరములు ఇల్లు కదలలేదు. దినమంతయు కుర్చీలోనో సోఫాపైననో కూర్చుండియే చదువుచు వ్రాయుచుండెను. చిత్రమేమనగా, ఈయన గ్రంథములన్నియు ఈ కాలముననే పుట్టినవి. మొదటిది 1787లో ప్రకటించిన భక్తిగ్రంథము. రోగమునను మరణసమయమునను భక్తి మనుష్యుల నెట్లు నిలుపునో అందు పలువురి చరిత్రలతో వివరించెను. దానిని పేరు పెట్టకయే అచ్చు వేయించి, ఇరుగుపొరుగువారికి ఉచితముగ పంచెను.

వ్యాకరణము వ్రాయుటకు కారణమైనవారు ఉపాధ్యాయినులు. యార్కునందు క్వేకరులు బాలికల కొఱకు ఒక పాఠశాలను స్థాపించియుండిరి. అచ్చట బోధించు యువతులకు ఆంగ్ల వ్యాకరణము నేర్పుటకు తగిన పుస్తకము దొరకలేదు. ఉన్న వ్యాకరణములు లాటిను నేర్చిన పండితుల కొఱకు వ్రాసినవి. లాటిను రాని బాలికలకు అవి అందవు. ఆ యువతులు హోల్గేటునకు వచ్చి మర్రేకడ పాఠములు చెప్పించుకొనిరి. పిమ్మట, ఆ పాఠములనే పుస్తకముగా వ్రాసి యీయవలసినదని, సగము వేడుకగను సగము నిజముగను, ఒక విజ్ఞాపనపత్రము వ్రాసి ఆయనకు సమర్పించిరి. మొదట సంకోచించినను, ఆయన ఆ మాట త్రోసివేయలేకపోయెను. 1795లో ఆంగ్ల వ్యాకరణము యార్కునందే అచ్చుపడెను. ఒక బాలికల బడికై వ్రాసిన ఆ పుస్తకము కొలది సంవత్సరములలో ఇంగ్లండు అంతటను, అమెరికా అంతటను వ్యాపించి, వ్యాకరణమన్న మర్రేయే, మర్రేయన్న వ్యాకరణమే అన్నంత ప్రసిద్ధి పొందెను. జార్జి ఎలియట్ రచించిన మిడిల్‌మార్చి నవలలో పిల్లలకు చదువు చెప్పు తల్లి చేతనున్నది మర్రే గ్రంథమే. మెల్విల్ రచించిన మోబీ డిక్ నవలలో తిమింగిలముల వేటకు పోయిన ఓడపై నావికుడు సైతము మర్రే వ్యాకరణమును పేర్కొనును.

ఇక ఆ గ్రంథమున మన యెఱ్ఱసిరా గీతకు సంబంధించిన భాగమును కొంచెము నిదానించి చూతము. సంగతి జరిగి ఎంతకాలమయ్యెనన్న ప్రశ్నతో మర్రే ఆగలేదు. ఆ సంగతికిని మాటలాడుచున్న యీ క్షణమునకును ముడి యున్నదా, తెగినదా అని ఆయన విచారించెను. ముడి యున్నచో పర్ఫెక్టు. తెగినచో పాస్టు, దానినే ఆ కాలపువారు ఇంపర్ఫెక్టు అనిరి. ఈ ముడి తెగు విధములలో మొదటిది, కాలమును పేర్కొనుట. నిన్న, పోయినవారము, 1795లో అని గడచిన కాలమును నిర్దేశించినంతనే ముడి తెగును. అచ్చట హావ్ అను మాటకు చోటులేదు. "ఐ హావ్ లాస్ట్ మై స్లేట్" అన్న బాలుని పలక ఇంకను దొరకలేదని మనకు తెలియును. వానికిపుడు పలక కావలెను. "ఐ లాస్ట్ మై స్లేట్ లాస్ట్ వీక్" అన్నచో పోయినవారపు కథ చెప్పుచున్నాడంతే. పలక దొరకినదో లేదో ఆ వాక్యము చెప్పదు.

రెండవ విచారణ మఱింత సూక్ష్మమైనది. దినము, మాసము, సంవత్సరము, శతాబ్దము, ఏదైనను మనము మాటలాడునపుడు ఇంకను కొంత మిగిలియున్నచో దానిలోని పనికి పర్ఫెక్టు వాడవలెను. పూర్తిగా గడచిపోయినచో పాస్టు వాడవలెను. ఈ మాసమున మూడు సెలవులు వచ్చినవని మాసము నడుచుచుండగా చెప్పువాడు "వి హావ్ హాడ్ త్రీ హాలిడేస్ దిస్ మంత్" అనును. మాసము మారినంతనే అవే సెలవులు "వి హాడ్ త్రీ హాలిడేస్ లాస్ట్ మంత్" అగును. సెలవులు మారలేదు, వాని సంఖ్య మారలేదు. కాలపు తలుపు మాత్రము మూసికొనినది. ఉదయమున గంట మ్రోగకముందు చెప్పిన వాక్యమును సాయంకాలము అట్లే చెప్పరాదు. ఈ సూత్రము తెలిసిన విద్యార్థికి సగము తప్పులు పోవును.

మూడవది విచిత్రము. ఎన్ని శతాబ్దముల క్రిందటి పనియైనను, చేసినవాడుగాని చేయబడిన వస్తువుగాని నేడు నిలిచియున్నచో పర్ఫెక్టు వాడవచ్చునని మర్రే గ్రంథము చెప్పును. రోమనుల మహావక్త సిసిరో ఉపన్యాసములు నేటికిని ఉన్నవి గనుక వానిని గూర్చి పర్ఫెక్టు చెల్లును. ఆయన పద్యములు నశించినవి గనుక వానికి చెల్లదని ఉదాహరణము. ప్రాచీన బ్రిటనులోని డ్రూయిడు పురోహితులు వంశముతో సహా అంతరించిరి గనుక వారికిని పాస్టే గతి. సిసిరో పద్యములలో కొన్నివందల పంక్తులు దక్కియున్నవన్న సంగతిని వ్యాకరణము లెక్కింపలేదు, అది యట్లుండనిమ్ము. నేటి వ్యాకరణవేత్తలు ఈ మూడవ సూత్రమును అంతగా అంగీకరింపరు. ఎవనిని గూర్చి మాటలాడుచున్నామో వాడు గతించినచో, వాని పనికి పాస్టు వాడుటయే నేటి వాడుక. "మర్రే హాజ్ లివ్డ్ ఇన్ యార్క్" అన్నచో చెవికి కటువుగానుండును. అయినను "యార్క్ హాజ్ సీన్ మెనీ కింగ్స్" అన్నచో దోషము లేదు. రాజులు పోయిరి గాని ఆ నగరము నిలిచియున్నది, వాక్యము నగరమును గూర్చినది. కాబట్టి ముడిని గూర్చిన మూలభావము నేటికిని చెల్లుచునే యున్నది.

మన విద్యార్థులకు ఈ భేదము ఏల కష్టమనగా, తెలుగున వచ్చెను అన్న ఒక్క క్రియ రెండింటికిని చాలును. అదియుగాక, వచ్చియున్నాడు అను రూపము మనకు కలదు. అది చూచుటకు పర్ఫెక్టు వలెనే యుండును. కాని నిన్ననే వచ్చియున్నాడు అనుటకు తెలుగు అడ్డు చెప్పదు. ఆంగ్లము అడ్డు చెప్పును. యున్నాడు అన్నచోట నెల్ల హాజ్ పెట్టు బాలుడు అచ్చటనే జారిపడును. ఇది బుద్ధిమాంద్యము కాదు, రెండుభాషల నడవడిలోని భేదము. ఉపాధ్యాయులు దండించుటకు ముందు దీనిని గుర్తింతురుగాక. తలిదండ్రులును ఒక సంగతి యెఱుగవలెను: అమెరికావారు నేడు జస్ట్, ఆల్రెడీ మున్నగు మాటలతో పాస్టునే తరచుగా వాడుదురు, ఇంగ్లండువారు పర్ఫెక్టు వాడుదురు. ఇంగ్లండు బిడ్డలకు పర్ఫెక్టు సూత్రములు నేర్పిన గురువు అమెరికాలో పుట్టినవాడగుట వినోదకరము.

మర్రే ఈ సూత్రములను తానే కనిపెట్టితినని చెప్పుకొనలేదు. లౌత్, ప్రీస్ట్లీ, జాన్సన్ మున్నగువారి గ్రంథములనుండి ఏరి కూర్చితినని పీఠికలోనే ఒప్పుకొనెను. అయినను ఇతరుల సొత్తు తనదిగా చేసికొనెనని విమర్శకులు నిందించిరి. హాజ్లిట్ వంటి రచయితలు ఆయన వ్యాకరణమును ఎగతాళి చేసిరి. తర్వాత ఒకరు మర్రే వ్రాసిన ఆంగ్లమునందే తప్పులు ఏరి ఒక పుస్తకముగా ప్రకటించిరి! ఇందు కొంత న్యాయము లేకపోలేదు. కాని చెల్లాచెదరుగా నున్న పండితుల విచారణలను పదునాలుగేండ్ల బాలిక చదువుకొనదగిన క్రమమున నమర్చుట చిన్నపని కాదు. ఎందరో పండితులు అంతకుముందు ఆ పని చేయలేకపోయిరి.

వ్యాకరణము వెనుక 1797లో అభ్యాసముల పుస్తకమును, దానికి సమాధానముల పుస్తకమును, సంగ్రహ వ్యాకరణమును వెలువడినవి. అభ్యాసములలో ముందుగా తప్పు వాక్యమునిచ్చి విద్యార్థిచే దిద్దించుట ఆయన పద్ధతి. తప్పు వాక్యమే చిన్నవారి మనస్సున నాటుకొనునేమో యని నాకు సందేహము. అయినను నేటికిని పరీక్షలలో ఆ పద్ధతియే నడచుచున్నది. 1799లో ఇంగ్లీష్ రీడర్ అను వాచకము ప్రకటింపబడెను. ఇది అమెరికాలో వ్యాకరణముకంటెను ఎక్కువగా చదువబడెను. అబ్రహాము లింకను చదివి మెచ్చుకొనిన పుస్తకములలో ఇది యొకటి యని ఆయన మిత్రులు చెప్పిరి. ఉదాహరణ వాక్యములను సైతము సత్ప్రవర్తనను బోధించునట్లు ఏరుట మర్రేకు నియమము. పుస్తకముల వలన వచ్చిన ధనమును తనకై వాడుకొనక ధర్మకార్యములకు వినియోగించెను. యార్కునందు విలియం ట్యూకు అను క్వేకరు మిత్రుడు మతి చలించినవారిని గొలుసులతో కట్టివేయక దయతో చూచుటకై రిట్రీట్ అను ఆలయమును 1796లో తెఱచినపుడు మర్రే ఆయనకు తోడ్పడెను.

ఆయన గదికి దేశదేశములనుండి చూడవచ్చువారు తరచుగా నుండిరి. ఎక్కువసేపు మాటలాడుటకు స్వరమునకు బలము చాలకుండెను. అయినను విసుగు చూపకుండెనని ఆయనను ఎఱిగినవారు వ్రాసియున్నారు. ఒక స్నేహితురాలు కోరగా తన జీవితమును లేఖల రూపమున వ్రాసెను. అది ఆయన మరణానంతరము 1826లో అచ్చయ్యెను. ఆ సంవత్సరారంభముననే, ఎనుబది సంవత్సరముల ప్రాయమున, భార్య ప్రక్కనుండగా మర్రే హోల్గేటునందు మరణించెను. 1785 మొదలు ఆ దినమువరకు, ఆయన హోల్గేటులో నివసించుచున్న సంగతిని యార్కు ప్రజలు హాజ్ లివ్డ్ అని చెప్పుచు వచ్చిరి. ఏటేట సంవత్సరముల సంఖ్య మాత్రము మారుచుండెను. ఆ మరునాడు ఆ వాక్యమున హాజ్ అను మాట తొలగిపోయెను.

యార్కునందలి క్వేకరుల శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి. ఆయన కూర్చుండి వ్రాసికొనుచుండిన తోటలోని చిన్న మంటపమును తర్వాత హోల్గేటునుండి తరలించి, యార్కులోని మౌంట్ స్కూలు ఆవరణమున నిలిపిరి. ఆ పాఠశాల, పూర్వము మర్రేకు విజ్ఞాపనపత్రము సమర్పించిన ఉపాధ్యాయినుల బాలికల బడికి వారసురాలు.